పదిహేడో నంబరు రాయి

కోటిలింగం గారు ఇంటికి కుళాయి కావాలని అర్జీ పెట్టుకున్న పది నెలలకి పురపాలక సంఘం వారు గొట్టం వేశారు. కుళాయి మాత్రం సోమవారం బిగిస్తామన్నారు. గొట్టానికీ కుళాయికీ మధ్య ఒక్క ఆదివారం మిగిలింది. ఆ ఆదివారమే లక్కవరపుపేటకి పండితులు వచ్చారు.

లక్కవరపుపేట గోదావరి కాలవ ఒడ్డున ఉన్న చిన్న పట్నం. అందులో ఉప్పుకొట్ల వీధికి ముప్ఫై ఒక్క ఇళ్లు, ఒకే ఒక్క కుళాయి. పొద్దున్న ఆరింటి నుంచి ఏడింటి దాకా నీళ్లొస్తాయి. ఆ గంటలో ఎవరి వంతు ఎప్పుడో ముందే తేలాలి కాబట్టి, అంతకు ముందురోజే ఇంటికొక రాయో, పగిలిన బిందో, చిల్లుపడ్డ బకెట్టో తెచ్చి వరసలో పెట్టుకుంటారు. మనిషి లేకపోయినా రాయి ఉంటే వంతు ఉన్నట్టే. తెల్లారి మనిషి వచ్చి, రాయి పక్కకి నెట్టి, బిందె పెడతాడు. ఈ ఏర్పాటు ఎవరు పెట్టారో ఎవరికీ తెలీదు గానీ, దాన్ని కాదన్నవాళ్లు ఇంతవరకూ లేరు. కోటిలింగం గారి ఇంటి తరఫున వరసలో కూర్చునేది సగం విరిగిన తిరగలి రాయి.

కోటిలింగం గారికి బజారులో పసుపు, కుంకుమ, కర్పూరం, వత్తులు అమ్ముకునే చిన్న కొట్టుంది. ఆయన ఇంట్లో బాణలింగం ఉంది. కార్తీకమాసం వస్తే ప్రతి సోమవారం ఆయన భార్య పేరిందేవి తలస్నానం చేసి, మడిగట్టుకుని, వీధి కుళాయి దగ్గర రాగిచెంబుతో తన చేతులారా నీళ్లు పడుతుంది. ఆ నీళ్లు ఆయన తన చేతులారా స్వామికి పోస్తారు. ఆవిడ కాపురానికి వచ్చిన ఏడాది అత్తగారు చేతికిచ్చిన చెంబు అది. ముప్ఫై ఏళ్లు ఒక్క సోమవారం తప్పలేదు. పోయినేడు మొదటి సోమవారమే కుళాయి చప్టా మీద పాచికి కాలు జారి ఆవిడ పడింది. మోకాలిచిప్ప చిట్లింది. బిందె ఎత్తడం, వీధి చివరిదాకా నడవడం ఇక కుదరదని డాక్టరు చెప్పాడు. నాలుగు సోమవారాలు ఆవిడ మంచం మీద నుంచే దణ్ణం పెట్టుకుంది.

ఆవిడ పడిన మర్నాడే కోటిలింగం గారు అర్జీ పెట్టారు. అది చూసి వీధి వీధంతా పెట్టారు. భాద్రపదం వచ్చేసరికి ముప్ఫై ఒక్క గుమ్మాల ముందూ మూరెడేసి ఇనప గొట్టాలు లేచాయి. కోటిలింగం గారు ఇత్తడి కుళాయి కొని తెచ్చి, బొట్టు పెట్టి, దేవుడి పాదాల దగ్గర ఉంచారు. ఈ కార్తీకానికి పేరిందేవి ఇంటి గుమ్మంలోనే చెంబు పట్టుకుంటుంది. ఆయన కోరింది అంతకు మించి ఏమీ లేదు.

వచ్చిన పండితులు ముగ్గురు. నగరాలు ఎలా బతకాలి, వాటిలో మనుషులు ఎలా కలిసి బతకాలి అన్నది వాళ్ల చదువు. వాళ్లకి పెద్ద ఆచార్య సత్యకీర్తి గారు. వాళ్లు ఉప్పుకొట్ల వీధికి వచ్చేటప్పటికి పదకొండు దాటింది. నీళ్లు పోయి నాలుగు గంటలైంది. కుళాయి దగ్గర నరపురుగు లేదు. మర్నాటి కోసం పెట్టుకున్న ముప్ఫై ఒక్క వస్తువులు మాత్రం ఎండలో బుద్ధిగా వరసలో ఉన్నాయి.

ఆచార్యుల వారు ఆగిపోయారు. చెప్పులు విప్పారు.

"చూశారా?" అన్నారు మిగతా ఇద్దరితో. "ఇక్కడ వ్యక్తి లేడు, వ్యక్తి స్థానం ఉంది. లేని మనిషికి కూడా చోటు ఉంచిన సమాజం ఇది! ఏ పట్టణ ప్రణాళికలో ఉంది ఈ ఊహ?"

కొట్టు కట్టేసి భోజనానికి వస్తున్న కోటిలింగం గారు ఆ మాట విన్నారు. ఆలోచిస్తే నిజమే అనిపించింది. ఇన్నేళ్లుగా ఆ తిరగలి రాయిని కాలితో జరుపుతున్నందుకు కాస్త సిగ్గుపడ్డారు కూడా.

"పెద్దవారు, మీరీ వీధివారేనా?" అని అడిగారు ఆచార్యుల వారు. "ఈ కుళాయి చుట్టూ మీ జీవనానుభవం ఎలాంటిదండీ?"

"నీళ్లు బాగానే వస్తాయండి. ఎండాకాలం కొంచెం సన్నబడతాయి."

"నీళ్ల సంగతి కాదు. మనుషుల సంగతి."

"మనుషులాండీ? మనుషులూ బాగానే వస్తారండి. ఎవరింట్లో ఏం కూరో, ఎవరికి ఒంట్లో బాగోలేదో అన్నీ ఇక్కడే తెలుస్తాయి. మా ఆవిడ ఇక్కడే కాలుజారి పడిపోతే ఈ ఆడవాళ్లే నలుగురూ కలిసి ఇంటిదాకా మోసుకొచ్చారండి."

ఆచార్యుల వారు 'మోసుకొచ్చారు' అని రాసుకున్నారు. పడిపోవడం రాసుకోలేదు.

"మరి ఇంటింటికీ కుళాయి వచ్చేస్తే?"

"ఇంకిక్కడికి ఎవరొస్తారండీ!" అన్నారు కోటిలింగం గారు సంతోషంగా.

ఆచార్యుల వారు కాసేపు కళ్లు మూసుకున్నారు.

ఆ సాయంత్రం టౌన్‌హాల్లో సభ. 'సుస్థిర నగరాలు, సంస్కృతి, సామూహిక జీవనం' అని గోడకి బట్ట కట్టారు. కోటిలింగం గారిని ప్రత్యేకంగా పిలిపించి, జీవన సాక్షి అని పేరు పెట్టి, శాలువా కప్పి ముందు వరసలో కూర్చోబెట్టారు. కమిషనర్ గారు అధ్యక్షులు.

"నగరమంటే సిమెంటు కాదు, స్మృతి!" అన్నారు ఆచార్యుల వారు. "గొట్టం ఇంట్లోకి వచ్చిననాడు మనిషి ఇంట్లోంచి రావడం మానేస్తాడు. ఈ పెద్దమనిషి ఇవాళ నన్ను అడిగారు, 'ఇంకిక్కడికి ఎవరొస్తారు?' అని. సోదరులారా, అది ప్రశ్న కాదు. ఒక నాగరికత పెట్టిన ఆక్రందన!"

అందరూ చప్పట్లు కొట్టారు. తన మాట కాబట్టి కోటిలింగం గారు కూడా కొట్టారు.

సోమవారం పొద్దున్న గొట్టాల పనివాడు అప్పన్న వచ్చాడు. చేతిలో రెంచి లేదు, కాగితం ఉంది.

"ఆయ్, కోటిలింగంగారండీ. బిగించొద్దన్నారండి."

కోటిలింగం గారు కళ్లజోడు పెట్టుకుని చదివారు. 'సదరు వీధి యందలి సామూహిక జీవనమునకు భంగము వాటిల్లు అవకాశమున్నందున, గృహ కుళాయిల బిగింపును తదుపరి ఉత్తర్వులు వెలువడు వరకు నిలుపుదల చేయడమైనది' అని ఉంది.

పేరిందేవి గుమ్మంలో చేతికర్ర ఆనించుకుని నిలబడి అంతా వింది. "శాలువా కప్పి కుళాయి పట్టుకుపోయారా?" అంది.

కోటిలింగం గారు ఎవరితోనూ గొడవ పెట్టుకునే మనిషి కాదు. సందేహం వస్తే అడిగి తెలుసుకునే మనిషి. మర్నాడు కొట్టు ఆలస్యంగా తెరిచి కమిషనర్ గారి దగ్గరికి వెళ్లారు.

"రండి, రండి," అన్నారు కమిషనర్ గారు. "మీ వీధి అదృష్టం చేసుకుంది. రాష్ట్రంలో మొదటి పరిరక్షిత సామూహిక జీవన వీధిగా మిమ్మల్ని ప్రతిపాదిస్తున్నాం."

"సంతోషమండి. మా ఆవిడకి మోకాలు బాగోదండి. కార్తీకం దగ్గర పడుతోంది."

"అర్థమైంది. అయితే వ్యక్తిగత మోకాలు వేరు, సామూహిక జీవనం వేరు. రెండింటినీ ఒకే ఫైల్లో చూడలేం."

కోటిలింగం గారు తల ఊపారు. "చిన్న సందేహం సార్. తమ క్వార్టర్స్‌లో కుళాయి ఇంట్లోనే ఉందాండీ?"

"నాలుగున్నాయి."

"మరి తమకి సామూహిక జీవనం..."

కమిషనర్ గారు నిట్టూర్చారు. "మా దగ్గర అది ఎప్పుడో నశించిందండీ. పక్క ఇంటాయన పేరు కూడా నాకు తెలీదు. పోయినదాన్ని ఎలాగూ కాపాడలేం. ఉన్నచోటైనా కాపాడాలి కదా?"

ఆయన అంత బాధగా చెప్పేసరికి కోటిలింగం గారికి జాలేసింది. దణ్ణం పెట్టి వచ్చేశారు. మెట్లు దిగాక గాని తన పని కాలేదని గుర్తు రాలేదు.

ఆశ్వయుజం మొదటి వారంలో కుళాయి పక్కన ఒక కుర్చీ, గొడుగు వెలిశాయి. గొడుగు కింద త్రినాథ్ అనే ఆయన కూర్చున్నాడు. సామూహిక జీవన పర్యవేక్షకుడు. ఆయన ఒళ్లో అట్ట, అట్ట మీద కాగితం, కాగితం మీద గళ్లు. మొదటి గడిలో పట్టిన బిందెలు. తరవాత పలకరింపులు, వార్తల వినిమయం, పరస్పర సహాయం, హాస్యం. చివరి గడి తగాదా. ఒక్కొక్కటి జరిగినప్పుడల్లా అందులో గీత గీయాలి.

మొదటి రోజు ఆడవాళ్లు ఆయన్ని చూసి కొంగులు సర్దుకున్నారు. నోరు మెదపకుండా నీళ్లు పట్టుకుని వెళ్లిపోయారు. రెండో రోజూ అంతే. మూడో రోజు త్రినాథ్ కుర్చీలోంచి లేచి బతిమాలుకున్నాడు.

"అమ్మా, మామూలుగా ఉండండమ్మా. నేను లేననుకోండి."

కోటిలింగం గారి పక్కింటి నూకాలు బిందె చంకనెత్తుకుంది. నోటికి భయపడే మనిషి కాదు. "ఎలా లేవనుకోమంటావు నాయనా? ఎదురుగా ఇంత గొడుగేసుకుని కూకున్నావు. మీ ఇంట్లో మీ ఆవిడ నువ్వు లేవనుకునే మాట్టాడుద్దా?"

అందరూ నవ్వారు. త్రినాథ్ గబగబా కూర్చుని 'హాస్యం' గడిలో గీత గీశాడు. అది చూసి నవ్వు ఆగిపోయింది.

పేరిందేవి బదులు ఆ రోజుల్లో కోటిలింగం గారే బిందె పట్టుకుని ఆడవాళ్ల వరసలో నిలబడేవారు. రెండో వారంలో ఆయన చేతికి ఒక నోటీసు వచ్చింది. ఆయనొక్కరికే కాదు, ముప్ఫై ఒక్క ఇళ్లకీ. 'గత పది దినములుగా సదరు కుళాయి వద్ద తగాదాలు శూన్యముగా నుండుట గమనించడమైనది. కారణములు లిఖితపూర్వకముగా తెలుపవలెను.'

"తగాదా ఎందుకండీ?" అని ఆయన త్రినాథ్‌ని మెల్లగా అడిగారు.

"తగాదా కూడా సంభాషణే అని ఆచార్యులవారి నివేదికలో నలభై మూడో పేజీలో ఉందండి. వారానికి రెండన్నా ఉండాలి. లేకపోతే సామూహిక జీవనం క్షీణిస్తున్నట్టు లెక్క."

"ఎవరితో పెట్టుకోమంటావు?" అంది నూకాలు. "నీతో పెట్టుకుంటే చెల్లుద్దా?"

"నేను స్థానికుణ్ణి కానమ్మా. చెల్లదు."

ఆ శుక్రవారం నూకాలు, ఎదురింటి మస్తానమ్మ ఒప్పందం చేసుకుని తగాదా పడ్డారు. "ఏవమ్మోయ్, నా బిందె ఎందుకు తోశావు?" అని నూకాలు. "నేను తొయ్యలేదు గానీ, తోశాననుకో," అని మస్తానమ్మ. ఇద్దరూ కొంగు నోట్లో కుక్కుకున్నారు. త్రినాథ్ నిజాయితీపరుడు. గీత గీసి, పక్కన 'సహజత్వం తక్కువ' అని రాశాడు.

నెల సగమయ్యేసరికి ఆచార్య సత్యకీర్తి గారు రెండో నివేదిక కోసం మళ్లీ వచ్చి అతిథిగృహంలో దిగారు. ఆయనకి పొద్దున్నే లేచే అలవాటు లేనందువల్ల ఉప్పుకొట్ల వీధి సామూహిక జీవనాన్ని పదింటికి మార్చారు. పిల్లలు పాచిముఖాలతో బడికి వెళ్లారు. పనులకి వెళ్లేవాళ్లు కాలవలో మునిగి వెళ్లారు. పదింటికి కుళాయి దగ్గరికి రాగలిగినవాళ్లు ముసలివాళ్లు, ఇంటిపట్టున ఉండే ఆడవాళ్లు మాత్రమే. కోటిలింగం గారు కొట్టు పదింటికి మూసి పదకొండున్నరకి తెరవడం మొదలెట్టారు.

అప్పుడే ఆచార్యుల వారికి ఒక ఆందోళన కలిగింది. రాళ్లు రోజూ చోటు మారుతున్నాయి. ఎవరో ఒకరు ఏ రాయో పారేస్తే? అపురూపమైన ఆ వరస ఒక తరం తరవాత ఉంటుందా? కమిషనర్ గారు వెంటనే స్పందించారు. ఒక గురువారం కూలీలు వచ్చి, ముప్ఫై ఒక్క వస్తువుల్నీ ఉన్నవి ఉన్నచోట సిమెంటుతో కదలకుండా అతికేసి, ఒక్కొక్క దానికి తెల్లరంగుతో నంబరు వేసి వెళ్లారు. కోటిలింగం గారి తిరగలి రాయి ఆ రోజు పదిహేడో చోట ఉంది. అంచేత పదిహేడో నంబరైంది.

వరస కదలదు కాబట్టి వంతూ కదలదు. ఒకటో నంబరు రాయి వాళ్లు ఇక ఎప్పటికీ ముందు. ముప్ఫై ఒకటో నంబరు ఎప్పటికీ చివర. నీళ్లు వచ్చేది గంట. ఆ గంటలో ఇరవై ఇళ్లకి అందుతాయి, మిగతా పదకొండు ఇళ్లకి అందవు. నూకాలు నంబరు ఇరవై ఆరు. మస్తానమ్మ నంబరు మూడు.

శనివారం నూకాలు మస్తానమ్మ బిందెని కాలితో తన్నింది. ఈసారి ఒప్పందం లేదు. "నీ అబ్బ సొమ్మా కుళాయి?" అంది. మస్తానమ్మ ఏడుస్తూ ఇంటికెళ్లిపోయింది. ముప్ఫై ఏళ్లలో వాళ్లిద్దరి మధ్య మాట తేడా రావడం కోటిలింగం గారు చూడలేదు. పేరిందేవిని మోసుకొచ్చిన నలుగురిలో ఒక పక్క నూకాలు, ఇంకో పక్క మస్తానమ్మ.

త్రినాథ్ ఆ రోజు తగాదా గడిలో గీత గీసి 'సహజత్వం పూర్తి' అని రాశాడు. ఆచార్యుల వారు ఆ కాగితం చూసి చాలా సంతోషించారు.

ఇంటికొచ్చి కోటిలింగం గారు బిందె దించి అలాగే కూర్చుండిపోయారు.

"ఆయన మొదట చెప్పింది అబద్ధం కాదే," అన్నారు భార్యతో. "లేని మనిషికి కూడా చోటుంచాం మనం. అది నిజం. మరి నిజం చెప్పినాయన ఇలా ఎందుకు చేశాడో నాకు తెలీడం లేదు."

"ఆయన రాళ్లని చూశాడండీ," అంది పేరిందేవి. "తెల్లారి రాయి పక్కకి తీసి మనిషికి దారిచ్చేది చూళ్లేదు. పదకొండింటికి వస్తే ఎలా కనిపిస్తుంది?"

దీపావళి వెళ్లింది. కార్తీకం వచ్చింది. ఆ శుక్రవారం పేరిందేవి ఎప్పటిలాగే గడపకి పసుపు రాసి, పొయ్యికి, రోలుకి బొట్టు పెట్టి, కర్ర పట్టుకుని నెమ్మదిగా బయటికి వచ్చి, గుమ్మం ముందు మూతబిగించి ఉన్న గొట్టానికి కూడా పసుపు రాసి కుంకుమ పెట్టింది. ఒక మందారప్పువ్వు ఉంచింది.

"దానికెందుకే?"

"మన వాకిట్లోకి వచ్చి రెండు నెలలైంది కదండీ. బోసిగా ఉంచడం ఎందుకు?"

సోమవారం తొమ్మిదిన్నరకి అప్పన్న వచ్చాడు. ఈసారి చేతిలో రెంచి ఉంది. వెనకాల త్రినాథ్, ఆయన చేతిలో ఉత్తర్వు. గుమ్మాల ముందు గొట్టాలు అలా కనిపిస్తూ ఉంటే ప్రజల మనసు వీధి కుళాయి మీద నిలవడం లేదట. సామూహిక జీవనానికి అవి నిత్య ప్రలోభాలట. అన్నీ పీకించాలట. మొదటి అర్జీ కోటిలింగం గారిది కాబట్టి పీకడమూ వాళ్లింటి నుంచే మొదలు.

పేరిందేవి తలస్నానం చేసి, మడిబట్టతో, రాగిచెంబు పట్టుకుని గుమ్మంలో కూర్చుని ఉంది. భర్త వీధి కుళాయికి తీసుకెళ్తానంటే, కర్రతో అయినా నడుస్తానని ఒప్పుకుంది. కోటిలింగం గారు ఆవిడకి చెయ్యి అందించబోతూ వీళ్లని చూసి ఆగిపోయారు.

అప్పన్న గొట్టం దగ్గర వంగాడు. రెంచి పెట్టబోయి లేచి నిలబడ్డాడు. చెప్పులు విప్పేశాడు.

"నావల్ల కాదండి."

"ఏమిటి కాదు?" అన్నాడు త్రినాథ్.

"బొట్టుందండి. పువ్వుందండి. ఇలాటిదాన్ని పీకితే మా ఇంటిది నన్ను గుమ్మంలోకి రానివ్వదండి. తవరే పీకండి, రెంచి ఇస్తాను."

త్రినాథ్ రెంచి వంక చూశాడు, బొట్టు వంక చూశాడు. ఫోను తీసి ఆచార్యుల వారికి చేశాడు. ఆయన పావుగంటలో రిక్షాలో దిగారు. దిగుతూనే గొట్టం ముందు మోకాళ్ల మీద కూర్చున్నారు.

"జలస్తంభారాధన!" అన్నారు. "నేను రెండు నెలలుగా ఈ వీధిని పరిశోధిస్తూ గమనించనే లేదు! ఆధునిక లోహాన్ని కూడా ప్రజలు తమ విశ్వాసంలోకి ఎలా కలుపుకున్నారో చూడండి! త్రినాథ్, రాసుకో. దీన్ని పీకడం మహాపరాధం. దీన్ని ఎవరూ ఎన్నటికీ తాకకూడదు."

కోటిలింగం గారు కంగారుగా ముందుకొచ్చారు. "తాకకూడదంటే... ఎప్పటికైనా కుళాయి బిగించాలన్నా కూడానాండీ?"

"అసలే కూడదు. మార్పులు చేస్తే చిహ్నం దెబ్బతింటుంది."

పేరిందేవి కర్ర ఆనుకుని లేచింది.

"బాబుగారూ, నాదొక సందేహమండి."

"అడుగమ్మా. మీ గొంతే మాకు ముఖ్యం."

"తమరు దీన్ని జలమన్నారు, ఆరాధన అన్నారు. బానే ఉంది. మరి తల్లికి నోరు మూసేసి పూజ చేస్తారాండీ ఎక్కడన్నా?"

ఆచార్యుల వారు మూత వంక చూశారు.

"పసుపూ కుంకమా పెట్టాను గానీ, రెండు నెలల నుంచి ఆ మూత చూస్తే నాకు ప్రాణం ఒప్పడం లేదండి," అంది పేరిందేవి. "నీళ్లు రాకపోతే అది ఇనపముక్క. వస్తే గంగమ్మ."

"అయితే... ఆచారం ప్రకారం ఏం జరగాలమ్మా?"

"ఆచారం నాకేం తెలుసండీ. మూత తియ్యాలి, ముఖం పెట్టాలి, మొదటి నీళ్లు స్వామికి పొయ్యాలి. ఇవాళ కార్తీక సోమవారం."

"ముఖప్రతిష్ఠ!" అని ఆచార్యుల వారు లేచి నిలబడ్డారు. "త్రినాథ్, కమిషనర్ గారికి చెయ్యి!"

కమిషనర్ గారి గొంతు ఫోన్లోంచి వాకిలంతా వినిపించింది. "గృహ కుళాయి అయితే ససేమిరా వీల్లేదు. నిషేధం అమల్లో ఉంది. దేవతా ప్రతిష్ఠ అయితే ఇంజనీరింగు విభాగం పరిధిలోకి రాదు. సంస్కృతి పద్దు కింద చేసుకోండి. ముఖం ఎవరు సమకూరుస్తారు?"

కోటిలింగం గారు లోపలికి వెళ్లి దేవుడి పాదాల దగ్గరి ఇత్తడి కుళాయి తెచ్చారు. దానికి బొట్టు ముందే ఉంది. ఆచార్యుల వారు దాన్ని కళ్లకద్దుకున్నారు.

అప్పన్న కాళ్లు కడుక్కుని వచ్చాడు. మూత విప్పి, నార చుట్టి, కుళాయిని నాలుగు తిప్పులు తిప్పి బిగించాడు. ఆచార్యుల వారు ప్రదక్షిణల సంఖ్య నాలుగు అని రాయించారు. పది దాటింది, వీధిలో నీళ్లు వదిలారు. పేరిందేవి చెంబు పట్టింది. కుళాయి ఒకసారి దగ్గి, కొంచెం తుప్పునీళ్లు కక్కి, తెల్లగా ధార కట్టింది. ఆవిడ చెంబు నిండేదాకా కళ్లార్పలేదు. నిండాక భర్త చేతికిచ్చింది. ఆయనకి లోపలిదాకా దారి సరిగ్గా కనిపించలేదు.

స్వామికి పోసి వచ్చాక కోటిలింగం గారు మెల్లగా అడిగారు. "ఏమేవ్, మనం అబద్ధం ఆడామంటావా?"

"అబద్ధమేముందండీ? రోజూ కలశంలోకి గంగనీ గోదారినీ పిలిచేది మీరే కదా. ఇన్నేళ్లూ అబద్ధంగా పిలిచారా?"



మరుసటి శుక్రవారానికి ఉప్పుకొట్ల వీధిలో గొట్టాలన్నీ పసుపుతో మెరిశాయి. కోటిలింగం గారి కొట్లో కుంకుమ అయిపోయింది. మస్తానమ్మ ఇంట్లో చేసేది నమాజు కాబట్టి, వాళ్లాయన గొట్టానికి అత్తరు రాసి మల్లెదండ చుట్టాడు. ఆచార్యుల వారు దాన్ని మరీ అపురూపమైనదిగా గుర్తించి రెండు పేజీలు రాశారు. వరసగా ప్రతిష్ఠలు జరిగాయి. అప్పన్నకి ముప్ఫై ఒక్క జాకెట్టు గుడ్డలు, కొబ్బరికాయలు ముట్టాయి. పురపాలక సంఘం వార్షిక నివేదికలో ఉప్పుకొట్ల వీధికి గృహ కుళాయిలు శూన్యం, జలదేవతలు ముప్ఫై ఒకటి అని ఉంది. ఆ రెండు అంకెలనీ కమిషనర్ గారు సభలో గర్వంగా చదివారు.

ఒక సాయంత్రం కోటిలింగం గారు కొట్టు కట్టేసి వచ్చేసరికి పేరిందేవి కర్ర పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

"వీధి కుళాయి దాకా తీసుకెళ్తారా?"

"ఇంట్లో నీళ్లున్నాయి కదే?"

"నీళ్లకి కాదండీ."

ఇద్దరూ నెమ్మదిగా నడిచారు. కుళాయి చప్టా ఎండిపోయి ఉంది. రాళ్లు నంబర్లతో వరసలో ఉన్నాయి. పేరిందేవి పదిహేడో నంబరు తిరగలి రాయి మీద కూర్చుని కాలు చాపుకుంది. ఎత్తు సరిగ్గా సరిపోయింది. దారినపోతున్న నూకాలు చూసి, "పిన్నిగారూ, ఏడాదైంది మిమ్మల్నిక్కడ చూసి!" అంటూ వచ్చి పక్క రాయి మీద కూలబడింది. అది ఆవిడ నంబరు కాదు. ఎవరూ అడగలేదు. అరుపులు విని మస్తానమ్మ తలుపు తీసి, ఒక నిమిషం గుమ్మంలోనే ఆగి, తరవాత చెంగులో వేయించిన శనగలు పోసుకుని వచ్చింది. రాయి జరిపి చోటిద్దామంటే అది కదలదు కాబట్టి, నూకాలు లేచి ఆవిడకి ఆ రాయి ఇచ్చి తను నేల మీద కూర్చుంది. ఇంకో పావుగంటకి పదిమందయ్యారు. ఎవరింట్లో ఏం కూరో, మస్తానమ్మ బిందె సొట్ట ఎంత పెద్దదో, దానికి నూకాలు ఏ చెంప వాయించుకోవాలో అన్నీ ఒకేసారి తేలుతున్నాయి.

సాయంత్రం దాకా గొడుగు కిందే ఉండే త్రినాథ్ కాగితం తీశాడు. పట్టిన బిందెలు ఎన్ని అన్నది మొదటి గడి. అది నింపనిదే తరవాతి గళ్లలో గీత గీయడానికి నిబంధన ఒప్పుకోదు. ఆయన పది మంది చేతులూ జాగ్రత్తగా చూశాడు. ఒక్క బిందె లేదు.

'సామూహిక జీవనం పూర్తిగా అంతరించినది' అని రాయబోయాడు. ఆడవాళ్ల నవ్వుల గోలలో ఆయనకి చెయ్యి కుదరలేదు. రెండుసార్లు తప్పు రాసి కొట్టేసి, మూడోసారి, చెవిలో వేలు పెట్టుకుని, పూర్తి చేశాడు.